సంతకం పెడితే దేవుణ్ని నమ్మనట్టేనా?

ప్రశ్న: మా బాబు 25 వారాలకే పుట్టాడు. ఇప్పుడు అయిదో నెల. పుట్టినప్పటి నుంచీ ఐసీయూలోనే ఉన్నాడు. వెంటిలేటర్ ట్యూబ్ మూడుసార్లు తీసి చూశారు, మూడుసార్లూ మళ్లీ వేయాల్సి వచ్చింది. ఇక గొంతు దగ్గర రంధ్రం చేసి అక్కణ్నుంచి ట్యూబ్ పెట్టాలి, ట్రాకియాస్టమీ అంటారు, ఆలోచించుకుని సంతకం పెట్టండి అన్నారు. పాలియేటివ్ కేర్ వాళ్లు కూడా వచ్చి మాతో మాట్లాడతారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మా అత్తగారు 'ఏ జన్మలో చేసిన పాపమో' అంటున్నారు. మాకు తెలిసిన ఒక పెద్దాయన వచ్చి ప్రార్థన చేసి, 'కోత అక్కర్లేదమ్మా, సంతకం పెట్టావంటే దేవుణ్ని నమ్మనట్టే' అన్నారు. అసలు నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియడం లేదు. చిన్నప్పటి నుంచీ దణ్ణం పెట్టుకోకుండా రోజు మొదలుపెట్టేదాన్ని కాదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కోపమే వస్తోంది. ఒకరోజు ప్రార్థన మానేశాను. ఆ రాత్రే బాబుకి ఇన్ఫెక్షన్ అన్నారు. అలారం మోగినప్పుడు మాత్రం నాకు తెలియకుండానే 'స్వామీ, వీణ్ని చూడు' అనేస్తాను. మావారు దేవుడి మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నారు. ఆరేళ్ల మా పాప 'నేను తమ్ముడు వద్దన్నానని దేవుడికి కోపం వచ్చిందా?' అని అడిగింది. నేనేం చేయాలి?
ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు సంతకం సంగతి చూద్దాం. మిగతావి కాస్త ఆగినా ఫర్వాలేదు, అది ఆగేది కాదు.

ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది మీరూ మీవారూ డాక్టర్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అందులో నేను తలదూర్చను. కానీ సంతకం పెడితే దేవుణ్ని నమ్మనట్టేనా అని మీరు అడిగారు. కాదు. ఎంతమాత్రం కాదు. అయిదు నెలలుగా బాబు ఊపిరికి మిషన్ తోడుగా ఉంది. మందులు ఎక్కించారు, పాలు ట్యూబ్‌లోంచి పోశారు, గొట్టాలు తీశారు, పెట్టారు. వాటన్నిటికీ మీరు ఒప్పుకున్నారు. అప్పుడు పోని నమ్మకం ఇప్పుడు గొంతు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పోతుంది? ఆ పెద్దాయన మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు. కానీ ఒక పసివాడి వైద్యాన్ని తల్లి భక్తికి పరీక్షగా మార్చేశారు. ఆ పరీక్ష మీరు రాయనక్కర్లేదు.

ఆపరేషన్ గురించి మీ భయం సగం తెలియకపోవడం వల్ల వచ్చినదిలా ఉంది, అందుకని నాలుగు మాటలు చెప్తాను. ఊపిరితిత్తుల్లో అసలైన గాలిగదులు ఏర్పడటం మొదలయ్యేదే నెలలు నిండబోయే ముందు. 25 వారాలకి పుట్టిన బిడ్డకి ఆ పనంతా బయటికి వచ్చాకే జరగాలి. మంచి సంగతి ఏమిటంటే, పుట్టిన తర్వాత కూడా కొన్నేళ్ల పాటు కొత్త గాలిగదులు వస్తూనే ఉంటాయి. బాబుకి కావాల్సింది ఎదగడానికి టైమ్. ఆ టైమంతా నోట్లో ట్యూబ్‌తో గడపడం కష్టం కాబట్టే డాక్టర్లు గొంతు దగ్గరి దారి అడుగుతున్నారు. అప్పుడు నోరు ఖాళీ అవుతుంది, ముఖం మీద ప్లాస్టర్లు పోతాయి, మత్తు మందులు తగ్గించే వీలుంటుంది, ఎత్తుకోవడం తేలికవుతుంది. ఊపిరితిత్తులు బలపడ్డాక చాలామంది పిల్లలకి ఆ ట్యూబ్ తీసేస్తారు. అందరికీ అలా కుదరదు, అది కూడా మీకు తెలియాలి. కష్టాలూ ఉన్నాయి. ట్యూబ్ కఫంతో మూసుకుపోవచ్చు, ఊడి రావచ్చు. అందుకే ఇంటికి పంపే ముందు కఫం లాగడం, ట్యూబ్ మార్చడం, ఊపిరి ఆగితే ఏం చేయాలో తల్లిదండ్రులకి నేర్పిస్తారు. బిడ్డ పక్కన అదే సైజు ట్యూబ్ ఒకటి, దానికంటే చిన్నది ఇంకొకటి ఎప్పుడూ ఉంచుకోమంటారు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పకపోతే ఆ క్షణంలో తట్టుకోలేరు. ఆపరేషన్ అయిన కొత్తలో బాబు ఏడుస్తాడు, ఏడుపు వినపడదు. ముఖం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి, శబ్దం మాత్రం ఉండదు. గాలి స్వరపేటిక దాకా వెళ్లకుండా కిందున్న ట్యూబ్‌లోంచే బయటికి వచ్చేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. స్వరపేటికని ఎవరూ తీసేయలేదు, అది అక్కడే ఉంటుంది. కొంతమంది పిల్లలకి తర్వాత స్పీకింగ్ వాల్వ్ అని పెడతారు, దాంతో గొంతు వినపడుతుంది. అప్పటిదాకా వాడు ఏడుస్తున్నాడని మీరు చెవితో కాకుండా కంటితో తెలుసుకోవాల్సి ఉంటుంది. నిజానికి నోట్లో ట్యూబ్ ఉన్న ఇన్ని నెలలుగా మీరు చేస్తున్నది అదే.

సంతకం పెట్టే ముందు డాక్టర్‌ని అడగండి: ఇది చేయకపోతే ఏం జరుగుతుంది? చేస్తే ఇంకో ఆరు నెలలకి బాబు ఎలా ఉండొచ్చని మీ అంచనా? పనిచేస్తోందో లేదో దేన్ని చూసి చెప్తారు? కాగితం మీద రాసుకుని వెళ్లండి, జవాబులు కూడా రాసుకోండి. ఆ టెన్షన్‌లో విన్నది ఏదీ గుర్తుండదు. ఇంకో మాట, సంతకం పెడితే దేవుణ్ని నమ్మనట్టేనేమో అన్న మీ భయం కూడా డాక్టర్‌తో చెప్పండి. సిగ్గుపడకండి. మీరు ఎందుకు ఆలోచిస్తున్నారో తెలియకపోతే వాళ్లు మీకు అర్థం కాలేదేమో అనుకుని అదే వైద్యం మళ్లీ మళ్లీ వివరిస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో రోగుల కుటుంబాలతో నమ్మకం గురించి, భయం గురించి మాట్లాడేందుకు చాప్లిన్ అని ఒకరు ఉంటారు, కౌన్సెలర్ ఉంటారు. ఉన్నారేమో అడగండి.

పాలియేటివ్ కేర్ అనగానే డాక్టర్లు చేతులెత్తేశారని మీరు అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, ఎందుకంటే చివరి రోజుల్లోనే ఆ మాట వినడం మనకు అలవాటు. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు. జబ్బు ఏమిటో తెలిసిన రోజు నుంచే అది మొదలవ్వాలి, జబ్బుకి వైద్యం జరుగుతున్నా జరగకపోయినా కొనసాగాలి. వాళ్ల పని బిడ్డకి నొప్పి, ఆయాసం తగ్గించడం, మీ ఇంటిల్లిపాదికీ ఆసరాగా ఉండటం. 1967లో లండన్‌లో చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునేందుకు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ ఒంటి నొప్పి, మనసు బాధ, మనుషుల మధ్య వచ్చే కష్టం, దేవుడి గురించిన వేదన, ఇవన్నీ కలిసే రోగి బాధ అవుతుందని గట్టిగా చెప్పింది. అంటే మీరు నాకు రాసిన ఉత్తరమంతా వాళ్లతో మాట్లాడదగినదే. వాళ్లని రానివ్వండి.

వాళ్లు ఒక కష్టమైన ప్రశ్న కూడా అడగొచ్చు. పరిస్థితి బాగా దిగజారితే మీకు ఏది ముఖ్యం, ఎంతవరకు వెళ్లాలనుకుంటున్నారు అని. దానికి జవాబు చెప్తే ఆశ వదులుకున్నట్టేనేమో అని మీకు అనిపిస్తుంది. కానీ బిడ్డ బతకాలని కోరుకుంటూనే, ఒకవేళ బతకకపోతే వాడు ఎవరి చేతుల్లో ఉండాలి, ఎంత తక్కువ బాధపడాలి అని ఆలోచించడం తల్లి చేసే పనే. అద్భుతం జరగాలని ప్రార్థిస్తూనే ఆ మాటలు మాట్లాడొచ్చు. డాక్టర్‌తో ఇలా చెప్పండి: "మేము అద్భుతం కోసం ఎదురుచూస్తున్నాం. అది జరగకపోతే ఏం చేయాలో కూడా మాకు చెప్పండి." రెండూ ఒకే నోటితో అనొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు మీ కోపం. కళ్లు మూసుకుంటే కోపమే వస్తోందన్నారు. ఎవరి మీద కోపం? లేడనుకున్న వాడి మీద ఎవరికీ కోపం రాదమ్మా. ఇన్నేళ్లూ మీరు రోజూ పలకరించిన వాడు ఇప్పుడు పలకడం లేదన్న కోపం అది. ఆ కోపాన్నే ఆయనకి చెప్పండి, అందమైన మాటలు దొరికేదాకా ఆగకండి. గజేంద్రుడి మొర అందరికీ తెలిసిందే కదా. మొసలి పట్టు వదలక, బలమంతా పోయి, ప్రాణాలు కడగట్టిన స్థితిలో ఆ ఏనుగు మొరపెట్టుకుంటూనే మధ్యలో అనుమానపడింది. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన అసలు ఉన్నాడో లేడో అంది. ఆ అనుమానం కూడా మొరలో భాగంగానే నిలిచిపోయింది. ముందు అనుమానం తీర్చుకో, తర్వాత వస్తాను అని విష్ణువు అనలేదు. ఉన్నపళంగా బయల్దేరాడు. ఇక మీరు ఏ తప్పు చేశానని కుమిలిపోతున్నారు?

అలారం మోగినప్పుడు 'స్వామీ, వీణ్ని చూడు' అంటున్నానని మీరు ఏదో చిన్న విషయంలా రాశారు. నేను మీ ఉత్తరంలో ఆ వాక్యాన్నే పట్టుకున్నాను. ఇప్పటికి మీ ప్రార్థన అదే, అది చాలు. గంట సేపు కూర్చోలేకపోతే కూర్చోకండి. మీ బదులు ఎవరైనా ప్రార్థిస్తానంటే ప్రార్థించనివ్వండి. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఐసీయూలో మోగే అలారాల్లో చాలా భాగం ప్రమాదం వల్ల మోగేవి కావు. వాడు కాలు తన్నుకుంటే పాదానికి చుట్టిన ఎర్రలైటు సెన్సర్ జరుగుతుంది, ఆక్సిజన్ అంకె పడిపోయినట్టు చూపిస్తుంది. మోగగానే స్క్రీన్ వైపు కాకుండా ముందు వాడి వైపు చూడండి. పెదాల రంగు ఎలా ఉంది, ఛాతీ కదులుతోందా అని. తేడాగా ఉంటే వెంటనే నర్సుని పిలవండి. ఏమీ తేడా లేకపోయినా నర్సు వచ్చి చూసేదాకా మీరే ఏదీ సర్దకండి.

ప్రార్థన మానేసిన రాత్రే ఇన్ఫెక్షన్ వచ్చిందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంత బరువు మీరు ఒక్కరే మోస్తున్నారా అనిపించింది. ఆ రాత్రి బయటపడిన ఇన్ఫెక్షన్ అంతకుముందే ఒంట్లో మొదలై ఉంటుంది. రక్తనాళంలో లైన్, ఊపిరిగొట్టంలో ట్యూబ్, ఇంకా బలం పుంజుకోని రోగనిరోధక శక్తి, వీటితో నెలల తరబడి ఉన్న బిడ్డకి అది రావడానికి దారులు ఎక్కువ. మీరు శ్రద్ధగా ప్రార్థించిన రోజుల్లో కూడా ఆక్సిజన్ పడిపోయిన రాత్రులు ఉండే ఉంటాయి. వాటిని మీరు లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే మీలోని భయం తప్పు మీది అని తేల్చే రోజునే వెతుక్కుంది. ప్రార్థన ప్రభావాన్ని కొలుద్దామని గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద అమెరికాలో పెద్ద పరిశోధన చేసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. తమ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన అందినవాళ్లలో 52 శాతం మందికి, అందనివాళ్లలో 51 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ప్రార్థన వృథా అని చెప్పడానికి ఇది రాయలేదు. ఒక పూట తప్పితే జబ్బు తిరగబెట్టడానికి అది మందు డోసు కాదని చెప్పడానికి రాశాను. దేవుణ్ని ప్రేమించేవాళ్లు ఆయన్ని అంత చిన్న లెక్కలు చూసేవాడిగా అనుకోకూడదని నా నమ్మకం.

మీ అత్తగారి మాటకి వద్దాం. ఆవిడ మాట మిమ్మల్ని కోసేస్తోంది, అది కాదనను. కానీ ఆవిడ కూడా మనవడి కోసం కుమిలిపోతున్న మనిషే. ఏదో ఒక కారణం దొరికితే భయం తగ్గుతుందని వెతుక్కుంటున్నారు. నెలలు నిండకుండా పుట్టే పిల్లల్లో చాలామందికి కారణం ఫలానా అని డాక్టర్లు కూడా చెప్పలేరు. ఆ ఖాళీలో పాపం, శాపం వచ్చి కూర్చుంటాయి. బైబిల్లోని యోబు కథలో కూడా ఇంతే. పిల్లలూ ఆరోగ్యమూ పోయి బూడిదలో కూర్చున్నవాడి దగ్గరికి స్నేహితులు వచ్చి, నువ్వేదో తప్పు చేసే ఉంటావని వాదించారు. యోబు దేవుణ్నే నిలదీశాడు. చివరికి దేవుడు కోప్పడింది నిలదీసిన వాడి మీద కాదు, ఆ స్నేహితుల మీద. మీ అత్తగారికి మీరు జవాబు చెప్పే పని పెట్టుకోకండి. మీవారి చేత చెప్పించండి, "అమ్మా, బాబు దగ్గర ఆ మాట అనొద్దు" అని ఒక్క ముక్క చాలు. వీలైతే ఆవిడకి ఏదైనా పని అప్పగించండి, పాపని చూసుకోవడమో మరోటో. చేతికి పని దొరికితే నోటికి నిందలు తగ్గుతాయి.

పెద్దాయనకి మాత్రం మీరే చెప్పాలి: "మీరు ప్రార్థన చేయండి, వైద్యం సంగతి మేము డాక్టర్లతో మాట్లాడుకుంటాం." మళ్లీ అదే మాట ఎత్తితే కొన్నాళ్లు బాబు దగ్గరికి రానివ్వకండి. నర్సుతో చెప్తే వాళ్లే బయట ఆపుతారు, మీరు చెడ్డవాళ్లు కానక్కర్లేదు.

ఎవరైనా ప్రార్థించిన నీళ్లో, నూనెనో తెచ్చి ఇస్తే నర్సుని అడగకుండా బాబు ఒంటికి తాకించకండి, నోట్లో వేయకండి. తేనె అయితే అసలు వద్దు, ఏడాది నిండని పిల్లలకి అందులోంచి బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆక్సిజన్ ఉన్న చోట దీపం, అగరొత్తి, కొవ్వొత్తి ఏదీ వెలిగించకూడదు. తాయెత్తు, దారం లాంటివి మంచం దగ్గర ఎక్కడ పెట్టొచ్చో నర్సు చెప్తారు. చేతికి కడితే లైన్ ఉన్న చోట బిగుసుకోవచ్చు, లోహం ఉంటే ఎమ్మారై స్కాన్‌కి ముందు తీసేయాలి. ఇవన్నీ వద్దన్నా మీ గొంతు ఉంది, మీ చెయ్యి ఉంది. వైర్ల మధ్య ఖాళీ చూసుకుని తల మీద ఒక అరచెయ్యి, పాదాల కింద ఒక అరచెయ్యి కదపకుండా ఉంచండి. నిమరడం కంటే అలా నిలకడగా ఉంచిన చెయ్యే ఇలాంటి పిల్లలకి హాయిగా ఉంటుంది. అలా ఉంచి మీకు వచ్చిన పాటో, ప్రార్థనో సన్నగా అనండి. మాటలు రాకపోతే ఊరికే కూనిరాగం తీయండి.

మీవారు లేచి వెళ్లిపోవడం మీ మీద కోపంతో కాదని నా అభిప్రాయం. ఆయన దేవుడి విషయంలో ప్రస్తుతానికి తలుపు మూసుకున్నారు. ఆ తలుపు తట్టకండి. ఆయనతో దేవుడి గురించి కాకుండా బాబు గురించి మాట్లాడండి, ఈ రోజు కళ్లు ఎంతసేపు తెరిచాడు, ఎవరి గొంతుకి తిరిగాడు అని. డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకే ఇంట్లో ఒకరు ప్రార్థిస్తూ ఒకరు ప్రార్థించకుండా ఒకే బిడ్డని కాపాడుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో మీరిద్దరూ ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి.

మీరు ఉపవాసాలేమైనా మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. తిండి, నిద్ర లేని తల్లి చేతికి ట్యూబ్ మార్చే పని ఎలా ఇస్తారు? బాబు ఇంటికి వచ్చాక అది మీరు చేయాల్సిన పనే. నిద్ర అసలు పట్టకపోయినా, అలారం లేని చోట కూడా అలారం వినిపిస్తున్నా, ఐసీయూ తలుపు చూస్తేనే వణుకు వస్తున్నా కౌన్సెలర్‌కి చెప్పండి. ఐసీయూ పిల్లల తల్లిదండ్రుల్లో ఇది చాలామందికి వస్తుంది, చికిత్స ఉంది. నేను లేకపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే, తెల్లారేదాకా ఆగకుండా, అక్కడున్న డాక్టర్‌కో నర్సుకో చెప్పేయండి.

పాప సంగతి చివర రాస్తున్నాను గానీ, సంతకం తర్వాత మీరు చేయాల్సిన మొదటి పని అదే. ఆరేళ్ల పిల్లలు మనసులో అనుకున్నవి నిజమైపోతాయని నమ్ముతారు. తమ్ముడు వద్దని ఎప్పుడో అనుకుంది, తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఈ రెంటినీ కలుపుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని సూటిగా చెప్పండి: "నువ్వు అన్నందుకు కాదు, అనుకున్నందుకు కాదు. నువ్వేం చేసినందుకూ కాదు. తమ్ముడు తొందరగా పుట్టేశాడు, వాడి ఊపిరితిత్తులు ఇంకా చిన్నగా ఉన్నాయి. దేవుడికి నీ మీద కోపం లేదు." ఒక్కసారి చెప్తే సరిపోదు. మళ్లీ అడుగుతుంది, అదే జవాబు అవే మాటల్లో చెప్పండి. మరి దేవుడు తమ్ముణ్ని ఎందుకు బాగుచేయట్లేదు అని అడిగితే, "నాకూ తెలియదు నాన్నా, నేనూ ఆయన్ని అదే అడుగుతున్నాను" అనండి. తెలియదని చెప్పే అమ్మని పిల్లలు నమ్ముతారు. ఆపరేషన్ తేదీ ఖాయమైతే, తమ్ముడి మెడ దగ్గర ట్యూబ్ ఉంటుందని, ఏడ్చినా కొన్నాళ్లు వినపడదని ముందే చెప్పండి. ఒక బొమ్మ మెడకి చిన్న గొట్టం కట్టి చూపిస్తే ఇంకా మంచిది, కొన్నిచోట్ల నర్సులే అలాంటి బొమ్మ ఇస్తారు. అది చూశాక తమ్ముణ్ని చూస్తానంటే తీసుకెళ్లండి. చూడనంటే బలవంతం చేయకండి, ఒక బొమ్మ గీసి ఇవ్వమనండి, మంచం దగ్గర అతికిద్దాం అని చెప్పండి.